గురి కుదిరిన చేయి

నల్గొండ జిల్లాలోని నిడమనూరు నాగార్జునసాగరము ఎడమకాలువ ప్రాంతమున వరిపొలముల నడుమ నున్న ఊరు. ఇటువంటి ఊళ్లలో వేసవి సెలవులందు ఎండ ముదిరినంతనే పిల్లలు నీడపట్టున క్యారమ్సు బల్ల చుట్టు చేరుదురు. వారిలో కొందఱు ఏండ్ల తరబడి ఆడినను తొలినాటి ఆటయే వారికి మిగులును. మఱి కొందఱు కొలది నెలలలోనే వారిని మించిపోవుదురు. పుట్టుకతో వచ్చిన చేతి నేర్పే ఇందులకు కారణమని పలువురు తలంతురు. కాని అంతకంటె ముఖ్యమైన కారణము వేఱొకటి గలదు. అది క్రమమైన అభ్యాసము.

ఆడుట వేఱు, అభ్యసించుట వేఱు. పందెపు ఆటలో ఒక దెబ్బ వంటిది మఱియొకటి రాదు. కష్టమైన దెబ్బ తప్పినచో వంతు ఎదుటివానికి పోవును. తప్పు ఎచ్చట జరిగినదో తెలిసికొని దిద్దుకొను అవకాశము చిక్కదు. అభ్యాసములో ఒకే దెబ్బను పదిమార్లు కొట్టవచ్చును. సంగీతము నేర్చువారు మొదటినాడే కీర్తనలు పాడరు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు, గీతములు అను క్రమమున సాగుదురు. ఈ క్రమమును ఏర్పఱచినది పురందరదాసు అని సంప్రదాయము చెప్పుచున్నది. చేతి ఆటలకును ఇట్టి వరుసలే కావలెను.

పోటీలలో వాడు క్యారమ్సు బల్ల పక్క కొలత సుమారు 74 సెంటీమీటర్లు. గుంట వెడల్పు 4.45 సెంటీమీటర్లు, కాయిను వెడల్పు 3.18 సెంటీమీటర్లను మించదు. అనగా తప్పిదమునకు మిగిలిన చోటు ఒకటింబావు సెంటీమీటరు మాత్రమే. గుంటకు దగ్గఱనున్న కాయిను కొంచెము పక్కకు నడచినను లోపల పడును. దూరము పెరిగినకొలది ఆ కొంచెమే పెద్దదై కాయిను అంచుకు తగిలి ఆగిపోవును. కనుక అభ్యాసము దగ్గఱనుండి దూరమునకు సాగవలెను.

మొదటి మెట్టున కాయిను అక్కఱలేదు. స్ట్రయికరును ఎదుటి చట్రమునకు నేరుగా కొట్టవలెను. అది బయలుదేరిన చోటికే మరలి వచ్చినచో చేయి నిలుకడగా నున్నదని గ్రహింపవచ్చును. రెండవ మెట్టున ఒక కాయినును గుంటకు నాలుగు వ్రేళ్ల దూరమున నుంచి పదిమార్లు కొట్టవలెను. ఎనిమిది మార్లు పడినచో దానిని మఱి నాలుగు వ్రేళ్లు వెనుకకు జరుపవలెను. ఐదింటికంటె తక్కువ పడినచో ముందటి చోటికే తేవలెను. కుడి గుంట కుదిరిన పిమ్మట ఎడమ గుంటకును ఇట్లే చేయవలెను.

మూడవ మెట్టు ఏటవాలు దెబ్బ. స్ట్రయికరు తాకినప్పుడు రెండింటి మధ్యబిందువులను కలుపు గీత ఏ దిక్కున నుండునో, కాయిను దాదాపు ఆ దిక్కుననే కదలును. కావున ఆ గీత గుంటవైపు చూచునట్లు స్ట్రయికరు ఎచ్చట తాకవలెనో ముందుగా ఊహించి, ఆ చోటికి గురిపెట్టవలెను. బిలియర్డ్సు, పూలు ఆటలలోని బంతులకును ఇదియే సూత్రము. నాలుగవ మెట్టున ఎదుటి చట్రమునకు తగిలి మరలిన స్ట్రయికరుతో ఇవతలనున్న కాయినును వేయుట నేర్వవలెను.

ఎఱ్ఱ కాయినును రాణి యందురు. దానిని వేసిన వెంటనే తన కాయిను నొకదానిని వేయనిచో రాణి మఱల బల్లపైకి వచ్చును. అందుచే కడపటి మెట్టున రెండును వరుసగా పడిననే ఒక లెక్కగా కట్టవలెను. మొదటిది పడిన సంతోషమున చేయి తొందరపడకుండుటయే ఇచ్చట నేర్వదగిన విద్య.

ప్రతిదినము పడినవెన్ని, తప్పినవెన్ని యని పుస్తకములో వ్రాసికొనుట మేలు. మనస్సు పడిన దెబ్బలనే తలచుకొని మురియును. లెక్క తప్పినవానిని కూడ చూపును. ఎడమ గుంటకు పదింట నాలుగే పడుచున్నచో మఱునాటి పని అదియే. వచ్చిన దెబ్బనే మఱల మఱల కొట్టుట సుఖముగా నుండును గాని, దానివలన ఆట పెరుగదు.

1958లో విల్సన్ జోన్స్ కలకత్తాలో జరిగిన ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు పోటీలో గెలిచి, భారతదేశమునకు ఆ గౌరవమును తెచ్చెను. హైదరాబాదు క్రీడాకారిణి ఎస్. అపూర్వ క్యారమ్సులో ప్రపంచ విజేతయని పేరొందెను. అట్టి విజయములు చూచువారికి ఒక్క దినమున వచ్చినట్లు తోచును. వాని వెనుక ఎవ్వరును చూడని వేల దెబ్బలుండును. బల్ల పాతదైనను, తోడాడువారు లేకున్నను, ఒక కాయిను, ఒక గుంట, నిజము వ్రాయు పుస్తకము ఉన్నచో అభ్యాసము ఆరంభింపవచ్చును.