ఊరికొక ఉమ్మడి గాదె

జాతీయ ఆహార భద్రతా చట్టము 2013లో అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి ప్రాధాన్య కుటుంబములలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల తిండిగింజలు, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు లభింపవలెను. 2023 జనవరి నుండి కేంద్రము వీనిని ఉచితముగనే ఇచ్చుచున్నది. అట్టిచో గ్రామములో మరల గింజలు ప్రోగుచేయవలసిన పని యేమి అని పంచాయతీ సభ్యులు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అయితే నెలకు 5 కిలోలనగా దినమునకు ఇంచుమించు 165 గ్రాములు. కాయకష్టము చేయు మనిషికి అది ఎంతమాత్రము చాలదు. పైగా కార్డులో పేరెక్కని కోడలు, వలసపోయి తిరిగివచ్చిన కుటుంబము, వేలిముద్ర పడని ముసలమ్మ ప్రతి గ్రామమునను ఉందురు. వీరి సంగతి మీకు తెలిసినంతగా ఏ కార్యాలయమునకును తెలియదు.

ఇందుకు మన గృహిణులు ఎరిగిన ఉపాయమే ఒకటి కలదు. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము వేరొక కుండలో వేయుట. పిడికెడు 50 గ్రాములనుకొందము. 200 గడపలు గల గ్రామములో దినమునకు 10 కిలోలు, నెలకు 300 కిలోలు సమకూడును. ఒక్కొక్కరికి నెలకు 7 కిలోల చొప్పున నలువదిమందికి పైగా ఇది సరిపోవును. ఏ ఇంటికిని ఇది భారము కాదు. ఎవరో ఒక ఆసామి పది బస్తాలిచ్చి పేరు వేయించుకొనుటకన్న, ఇన్ని ఇండ్లు కొంచెము కొంచెముగా ఇచ్చుట నిలకడయైన పద్ధతి. ఆసామి మనసు మారిన నాడు గాదె ఖాళీ యగును.

వరి పండించు గ్రామములలో సంక్రాంతి నాటికి ధాన్యము ఇంటికి చేరును. కొరత మాత్రము ఆషాఢ శ్రావణములలో, నాట్లు సాగుచు పాతగింజ నిండుకొన్న వేళ కనబడును. కావున నూర్పిళ్లనాడు రైతులిచ్చు పంటను బియ్యముగా మార్చక వడ్లుగనే నిలువచేయుట మేలు. పొట్టు ఉన్నంతకాలము గింజకు రక్ష. నెలనెలకు కావలసినంత మాత్రమే మరపట్టించవలెను. తేమ నూటికి 14 పాళ్లు మించరాదు. పంటి క్రింద కొరికినపుడు గింజ నలుగక టక్కున విరుగవలెను. బస్తాలను నేలపై గాక చెక్కబల్లలపై, గోడకు మూరెడు ఎడముగా పేర్చి, ముందువచ్చిన బస్తాను ముందుగా వాడవలెను. ఎండిన వేపాకు మంచిదే. పురుగునకై అమ్ము విషపు మాత్రలను మాత్రము మనుషులు మసలు ఇంట ఉంచరాదు. వాని వాయువు ప్రాణము తీయును.

ఇక ఎవరికి ఇచ్చుట? అసలు చిక్కు ఇచ్చటనే కలదు. ముష్టి యను సంస్కృత పదమునకు పిడికిలి అని అర్థము. పిడికెడు బియ్యము పెట్టుటనుండి పుట్టిన ఆ మాట నేడు తిట్టుగా మారినది. ఇచ్చిన తీరు సరిగా లేకున్నచో అన్నమునకును ఇదే గతి పట్టును. పుచ్చుకొనువారిని వరుసగా నిలబెట్టి ఛాయాచిత్రములు తీయించు వేడుకలు మన గ్రామములకు వలదు. పేర్లు పంచాయతీ గోడపై వ్రాయుటయు తగదు. స్వయంసహాయక సంఘ స్త్రీలు సందె వేళ ఇంటికే చేర్చిన, ఆకలిని దాచుకొను అభిమానవంతులు కూడ కాదనరు.

జహీరాబాదు ప్రాంతమున 1990 తరువాతి సంవత్సరములలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు ఇట్టి పని చేసి చూపినవి. బీడుభూములను సాగులోనికి తెచ్చి, జొన్నలను ఊరిలోనే నిలువచేసి, పేదలకు తక్కువ ధరకు ఇచ్చినవి. ఎవరెంత పేదలో గ్రామస్థులే కూర్చుండి తేల్చిరి. అచ్చట బియ్యము గాక జొన్న గాదెకు చేరుట గమనింపదగినది. మెట్ట గ్రామము వరికై చూడనక్కరలేదు.

తీర్చగలవారికి నూర్పిళ్లకు తిరిగి కొలుచు షరతుపై అప్పుగాను, తీర్చలేనివారికి ఊరకను ఇయ్యవచ్చును. రెండింటికి వేర్వేరు పుస్తకములు ఉండవలెను. వచ్చినది, పోయినది, నిలువ తూకముతో వ్రాసి, మొత్తములను మాత్రమే గ్రామసభలో చదువవలెను. గాదెలోని గింజను నగదునకు అమ్మరాదు. చౌకదుకాణపు బియ్యము అందులో కలిసియున్నచో అది నేరమగును. జనవరి 26న జరుగు గ్రామసభ నాటికి చాలచోట్ల పంట ఇల్లు చేరియుండును. గాదెకు ఏ గది ఇచ్చుట, తాళపుచెవులు ఏ ఇద్దరియొద్ద ఉంచుట అను సంగతులు ఆనాడే నిర్ణయించుకొనవచ్చును.