పాత హాస్యచిత్రములు – పరిష్కృత ప్రతులు

ప్రాచీనకావ్యమును ముద్రింపదలచిన పండితుడు ముందుగా తాళపత్రప్రతులను సమకూర్చుకొనును. ఒకదానిలో చెదలు దిన్న పద్యమును మఱియొకదానినుండి గ్రహించును, లేఖకదోషములను దిద్దును, ప్రక్షిప్తములను వేఱుపఱచును. అంతియేకాని తానొక క్రొత్తపద్యమును వ్రాసి కవిపేర నంటగట్టడు. పాత హాస్యచిత్రములను బాగుచేసి, యింట జూచుకొనుటకు డిస్కులపై నిచ్చువారికిని ఈ ధర్మమే వర్తించునని మా యభిప్రాయము.

హాస్యమునకే యింత జాగ్రత్త యేల యని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. శోకఘట్టము కొంత మసకబాఱినను మనసును దాకగలదు. హాస్యమో, రెప్పపాటుపై నాధారపడినది. కనుబొమ యెత్తుటకును వెనుదిరిగి చూచుటకును నడుమ నుండవలసిన యా క్షణము తప్పెనా, నవ్వు పుట్టకయే పోవును.

కొన్నియేండ్ల క్రిందట మేము బజారున చౌకగా దొరకిన యొక డిస్కును గొని, చార్లీ చాప్లిన్ 1925లో నిర్మించిన ‘ది గోల్డ్ రష్’ అను మూగచిత్రమును పిల్లలకు జూపితిమి. అందు మనుష్యులు చీమలవలె పరుగులిడిరి. ముఖములు సున్నము పూసినట్లు తెల్లబాఱి యుండెను. మంచుకొండలలో నాకలికి తాళజాలక చాప్లిన్ తన బూటును వండుకొని తిను ఘట్టము చూచుచుండగనే గడచిపోయెను. పిల్లలు పరుగులకు నవ్విరి. బూటును గూర్చి యడుగనేలేదు.

తరువాత శ్రద్ధతో పరిష్కరింపబడిన ప్రతి మాకు లభించెను. అందు చాప్లిన్ బూటుమేకులను ఎముకలవలె చప్పరించుటయు, త్రాళ్లను సేమియావలె చుట్టి నోట బెట్టుకొనుటయు స్పష్టముగా గానవచ్చెను. పిల్లలు పడిపడి నవ్వుచుండగా, మా యత్తగారు నవ్వుచునే కన్నులొత్తుకొని, “వీడు ఆకలి ఎరిగినవాడే అమ్మాయీ! లేకపోతే ఇట్లా తినలేడు” అనిరి. ఆమె యూహ నిజమే. చాప్లిన్ ఏడేండ్ల బాలుడై యుండగా, 1896లో, దారిద్ర్యముచే లండనులోని లాంబెత్ బీదల శరణాలయమున జేర్పబడెను. మొదటి డిస్కు మాకు జూపనిది బొమ్మలోని సొగసు మాత్రమే కాదు, ఆ యాకలిని గూడ.

ఇట్టి లోపములు ముఖ్యముగా మూడు. మొదటిది వేగము. మూగచిత్రముల కాలమున కెమెరాను చేతితో త్రిప్పెడివారు. సెకనునకిన్ని బొమ్మలని ఒక్క నియమము లేదు. మాటాడు చిత్రములు వచ్చిన పిదప సెకనునకు 24 బొమ్మలు స్థిరపడెను. అంతకంటె మెల్లగా దీసిన చిత్రము నా వేగమున నడపినచో గంతులు తప్పవు. కొంత త్వర నటులే హాస్యమునకై కోరి పెట్టుకొనుటయు గలదు. కావున పరిష్కర్త యే చిత్రమున కాచిత్రమును విచారించి నిర్ణయింపవలెను.

రెండవది యంచు. మూగచిత్రపు బొమ్మ ఫిలిము వెడల్పునంతను ఆక్రమించెడిది. పిదప శబ్దరేఖకు చోటిచ్చి తీసిన ప్రతులలో నెడమవైపు కొంత తెగిపోయెను. మూడవది యతిశుభ్రత. గీతలను, దుమ్మును దుడువవలసినదే. కాని ఫిలిముపై గానవచ్చు సన్ననిరేణువులు మురికి కాదు. బొమ్మ యేర్పడినదే వానితో. వానినిగూడ యంత్రముచే దుడిచివైచినచో ముఖములు మైనపుబొమ్మలగును. మరక పోవలెనని జరీ రాలునట్లు పట్టుచీరను ఉదుకుదుమా?

ఇక పాఠభేదముల మాట. 1942లో చాప్లిన్ తానే ‘ది గోల్డ్ రష్’ను కత్తిరించి, నడుమ వచ్చు వ్రాతలను దీసివైచి, సంగీతమును తన కంఠముతో వ్యాఖ్యానమును జేర్చి మరల విడుదల చేసెను. చివరి ముద్దునుగూడ తొలగించెను. 1925 నాటి పాఠమును కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ అనువారు 1993లో పునర్నిర్మించిరి. 2012లో క్రైటీరియన్ వారు రెండు పాఠములను ఒక్కచోటనే యిచ్చిరి. ఏది మేలో చూచువారే తేల్చుకొనవచ్చును. నూఱేండ్లు నిండిన 2025లో ఇటలీలోని బొలోనియా సినేటెకా వారు పరిష్కరించిన క్రొత్తప్రతి కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను.

ప్రతులను వెదకుటయు పరిష్కరణములో భాగమే. లారెల్, హార్డీ నటించిన 1927 నాటి ‘ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ’లో వీధివీధియంతయు తీపిరొట్టెలతో గొట్టుకొను ఘట్టము గలదు. 1957లో వెలువడిన యొక సంకలనచిత్రమున జేరిన ముక్కలే బహుకాలము మిగిలియుండెను. 2015లో రెండవ రీలు పూర్తిగా దొరకెను. మొదటి రొట్టె మొదలు పోరాట మెట్లు ముదిరెనో యిప్పుడు వరుసగా జూడవచ్చును. ఆ వరుసలోనే యున్నది నవ్వు.

మన యింటికి దగ్గఱి యుదాహరణము 1957 నాటి ‘మాయాబజారు’. మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతో దీసిన యా చిత్రమునకు 2010లో రంగులద్ది, వెడల్పు తెరకు సరిపడునట్లు చట్రమును మార్చిరి. దానిని జూచి యానందించుట తప్పుగాదు. అది యొక వ్యాఖ్యానమువంటిది. అయినను వ్యాఖ్యానము చేతికి వచ్చెనని మూలమును అటుకపై బాఱవైవరాదు.

కావున డిస్కు గొనునపుడు వెల యొక్కటియే చూడక, ఏ సంవత్సరపు పాఠమో, ఎన్ని నిమిషముల నిడివియో, ఎవరు పరిష్కరించిరో అట్టపై జదువవలెను. పాతచిత్రము తెరకిరుప్రక్కల నల్లని చోటు విడిచి, యించుమించు చదరముగా గానవచ్చిన విచారింపనక్కఱలేదు. అదియే దాని సహజమైన రూపము. దానిని సాగదీసి తెర నింపినచో సన్ననివాడు లావగును, లావాటివాడు మఱింత లావగును. లారెల్ హార్డీల వేడుకలో సగము పోవును.

మా పిల్లలిప్పుడు బూటు ఘట్టము వచ్చినపుడెల్ల నాయనమ్మను బిలిచి ప్రక్కన గూర్చుండబెట్టుకొందురు. ఆమె నవ్వునపుడు నవ్వుదురు. ఆమె యూరకుండినపుడు తామును ఊరకుందురు.