నీళ్ళతో కడిగే తుపాకీ

సాలూరు దాటి పాచిపెంట మీదుగా ఒడిశా ఘాట్ రోడ్డెక్కితే కొండవాలుల్లో పోడు చేలు కనిపిస్తాయి. పంట చేతికొచ్చే వేళ అడవిపందులు దిగితే ఒక్క రాత్రిలో చేను నేలమట్టం. మన్యంలో చేను కావలికి తరాలుగా వాడిన పనిముట్లలో నాటు తుపాకీ ఒకటి. గొట్టం వెనక కొస మూసి ఉంటుంది. మందు, గుడ్డపీలిక, రవ్వలు అన్నీ మూతి నుంచే పోసి కడ్డీతో దట్టించాలి.

ఈ యంత్రం వయసు తక్కువేమీ కాదు. సాలూరుకు పొరుగునే ఉన్న బొబ్బిలి కోట మీద 1757 జనవరి 24న యుద్ధం జరిగేనాటికి మన దేశంలో చాలా తుపాకులు వత్తి నిప్పుతోనే పేలేవి. వానొస్తే వత్తి ఆరిపోయేది. చెకుముకి రాయి వచ్చాక ఆ బెడద కొంత తగ్గింది గానీ, గుండు బయటికి రాకముందే మెరుపు కనిపించి పిట్టలు ఎగిరిపోయేవి. పిట్టల వేటంటే ఇష్టపడే అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే స్కాట్లండ్ మతగురువు దెబ్బ తగిలితేనే అంటుకునే రసాయనాన్ని తుపాకీకి పనికొచ్చేలా చేసి, 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత దాన్ని చిన్న రాగి టోపీలో కూర్చారు. నాటు తుపాకీ అక్కడే ఆగింది. తూటాల తుపాకులు రాజ్యం చేతికి వెళ్ళాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి పట్టుకెళ్ళింది వాటినే.

తుపాకీకి శత్రువు దాని మందే. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు కాలితే సగానికి పైగా వాయువు కాదు, ఘనపదార్థంగా మిగులుతుంది. గొట్టం లోపల అంటుకున్న ఆ మసిలోని పొటాషియం లవణాలు గాలిలోని చెమ్మను లాక్కుంటాయి. మన వానాకాలంలో అంతకన్నా ఏం కావాలి? ఇనుము గుంటలు గుంటలుగా తుప్పుపడుతుంది, గోడ పలచబడుతుంది. చివరికి ఒకరోజు గొట్టం కాల్చేవాడి ముఖం దగ్గరే చీలుతుంది.

సాలూరు లారీల ఊరు. ఇనుమంటే ముందు నూనె, గ్రీజు గుర్తొస్తాయి. నాటు తుపాకీకి మాత్రం ముందు వేడినీళ్ళు కావాలి. ఆ లవణాలు నూనెలో కరగవు, నీళ్ళలో కరుగుతాయి. నల్లటి నీళ్ళు తేటపడేదాకా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆపైన పలచగా నూనె రాయాలి. వీటన్నిటికన్నా ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. ఖాళీ గొట్టంలో కడ్డీ ఎంతవరకు దిగుతుందో దాని మీద గుర్తు గీసి ఉంచుతారు. ఆ గీత మూతికి పైనే ఆగితే లోపల మందు ఉన్నట్టే. అప్పుడు కడగడానికి పూనుకోకూడదు.

1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ పంట రక్షణకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీని పేరుపెట్టి ప్రస్తావించింది. రైతు పనిముట్టుగా దానికి దక్కిన గౌరవమది. లైసెన్సు మాత్రం తప్పనిసరి. 2019 సవరణ తర్వాత దాని గడువు ఐదేళ్ళు. లైసెన్సుంటే వేటాడొచ్చని కాదు, 1972 వన్యప్రాణి చట్టం దానికి అడ్డు.

మీ ఇంటి చూరులో తాతలనాటి తుపాకీ కాగితాల్లేకుండా పడి ఉంటే, ఖాళీదే అనుకుని ముట్టుకోకండి. పిల్లల్ని దూరంగా ఉంచి పోలీస్ స్టేషనుకు కబురు చేయండి.