పేపర్లు చూసి కాదు, తల్లిని చూసి కొనండి

‘డబుల్ బోన్ ల్యాబ్, పేపర్లున్నాయి, 35 రోజుల పిల్లలు, ఇంటికే తెచ్చిస్తాం.’ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కుక్కపిల్ల కోసం వెతికినవాళ్ళ ఫోన్‌లోకి ఇలాంటి ప్రకటన ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఆ ఒక్క వరసలో నాలుగు మాటలు. నాలుగూ కొనేవాళ్ళను తప్పుదోవ పట్టించేవే. వాటిని నమ్మి తెచ్చుకున్న పిల్ల వారం తిరక్కుండానే పార్వో వైరస్ సోకి రక్తవిరేచనాలతో పోవడం, బతికి బట్టకట్టిన పిల్ల ఏడాదికల్లా వెనక కాళ్ళు ఈడ్చడం పశువైద్యుల దగ్గర రోజూ కనబడే సంగతులు. జాతి కుక్క కొనడం తప్పని నేననను. ఏం కొంటున్నామో తెలియకుండా కొనడమే ఆ మూగజీవికి మనం చేసే అన్యాయం.

‘డబుల్ బోన్’ దగ్గరే మొదలుపెడదాం. అలాంటి రకం ఏ జాతిలోనూ లేదు. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రతి జాతికీ ఒక ప్రమాణం రాసిపెట్టింది. లాబ్రడార్‌ది 122వ నంబరు. మగ కుక్క ఎత్తు 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడకుక్క 54 నుంచి 56. రంగులు మూడే: నలుపు, పసుపు, చాక్లెట్. ఎముక రెండింతలుండాలని అందులో ఎక్కడా లేదు. లావు కాళ్ళ పిల్లకు గిరాకీ ఉంది కాబట్టి కొందరు పిల్లల్ని అతిగా మేపి, కాల్షియం పొడులు గుప్పించి అమ్మకానికి పెడతారు. పెద్ద జాతుల పిల్లలకు అవసరానికి మించిన కాల్షియం పెడితే ఎముకలు బలపడవు సరికదా, ఎదిగే దశలోనే వంకర్లు పోతాయి. ‘డబుల్ కోట్ షెపర్డ్’ అన్న మాటా అంతే. జర్మన్ షెపర్డ్‌కి పైవెంట్రుకల కింద మెత్తటి ఒత్తు బొచ్చు పుట్టుకతోనే ఉంటుంది. దానికి అదనంగా డబ్బు కట్టాల్సిన పని లేదు. ఇక ‘గోల్డెన్ ల్యాబ్’ అంటే పసుపు రంగు లాబ్రడారే. గోల్డెన్ రిట్రీవర్ వేరే జాతి.

“పేపర్లున్నాయంటే ఆరోగ్యానికి గ్యారంటీ ఉన్నట్టే”

ఇది అన్నిటికన్నా పెద్ద అపోహ. పైగా బాగా చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ.

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రం ఒక వంశావళి. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, వాళ్ళ తాతముత్తాతలు ఎవరు అన్నదే అందులో ఉంటుంది. తుంటి కీళ్ళు ఎలా ఉన్నాయో, గుండెలో లోపముందో లేదో అది చెప్పదు. పుట్టుక నమోదు చేసే పుస్తకాన్ని పట్టుకుని ఆరోగ్యం ఊహించుకోవడం మన పొరపాటు. పేపరు మీద మైక్రోచిప్ నంబరు ఉంటుంది, మామూలుగా 15 అంకెలు. స్కానర్ పెట్టి చూసి, పిల్ల ఒంట్లోని చిప్‌లో అదే నంబరు ఉంటేనే ఆ కాగితం ఆ పిల్లది. పత్రాన్ని అబ్బురంగా చూసేవాళ్ళే గానీ స్కానర్ అడిగేవాళ్ళు అరుదు.

పేపర్ల వెనక ఇంకో చేదు నిజం కూడా ఉంది. ప్రపంచంలో మొదటి కెన్నెల్ క్లబ్ 1873లో లండన్‌లో పుట్టింది. అప్పట్నుంచీ ఒక్కో జాతికి రిజిస్టరు తెరవడం, బయటి రక్తం కలవకుండా తలుపు మూసేయడం ఆనవాయితీ అయింది. మూసేసిన గదిలో గొప్పగా గెలిచిన ఒక మగకుక్కనే అందరూ వాడుకుంటే కొన్ని తరాలకు చుట్టూ ఉన్నవన్నీ దాయాదులే అవుతాయి. తండ్రినీ కూతురినీ కలిపినా, ఒకే కాన్పు అన్నాచెల్లెళ్ళను కలిపినా పుట్టే పిల్లల్లో అంతఃప్రజనన గుణకం (దగ్గరి రక్తం ఎంత కలిసిందో చెప్పే లెక్క) కనీసం 25 శాతం. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ ఒకే లోపం వచ్చి జతపడే ప్రమాదం ఆ మేరకు పెరుగుతుంది. 2008లో బీబీసీ ‘పెడిగ్రీ డాగ్స్ ఎక్స్‌పోజ్డ్’ అనే డాక్యుమెంటరీ వేశాక బ్రిటన్‌లో దుమారం రేగింది. క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శన ప్రసారాన్ని బీబీసీ మానేసింది. ఆ మరుసటి ఏడాది నుంచి తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్ళు, తోబుట్టువుల మధ్య కలయికలతో పుట్టిన పిల్లల్ని నమోదు చేయబోమని బ్రిటన్ కెన్నెల్ క్లబ్ ప్రకటించింది. మన దగ్గర ‘లైన్ బ్రీడింగ్ అండీ, రక్తం చాలా గట్టిది’ అని గర్వంగా చెప్పేవాళ్ళున్నారు. అలా చెప్పినప్పుడు పత్రం తీసుకుని రెండువైపులా ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో వేలు పెట్టి లెక్కపెట్టండి.

“తల్లిదండ్రులు ఛాంపియన్లు, ఇంకేం కావాలి?”

డాగ్ షోని అందాల పోటీ అనుకునేవాళ్ళు ఎక్కువ. భారీగా ఉన్నదో, బొచ్చు మెరిసేదో గెలుస్తుందనుకుంటారు. రింగు పక్కన నిలబడి ఒక్క పావుగంట చూస్తే ఆ అభిప్రాయం మారిపోతుంది. జడ్జి మొదట పెదవులు పైకెత్తి పళ్ళు చూస్తారు. 42 పళ్ళూ ఉండాలి. చాలా జాతుల్లో పైవరస కిందివరసను కత్తెరలా ఒరుసుకుంటూ మూసుకోవాలి. తర్వాత భుజం మీద చెయ్యి పెట్టి ఎముక ఏ కోణంలో ఉందో తడుముతారు. మగకుక్కకు రెండు వృషణాలూ కిందికి దిగాయా అని చూస్తారు. ఆపైన హ్యాండ్లర్‌ని ముందుకీ వెనక్కీ, గుండ్రంగా పరిగెత్తమంటారు. వెనకనుంచి చూస్తే మడమలు ఒకదానికొకటి తగలకూడదు, పక్కనుంచి చూస్తే వీపు ఎగిరెగిరి పడకూడదు. జడ్జి మీద గుర్రుమన్న కుక్కని బయటికి పంపేస్తారు. అసలు పోటీ పక్క కుక్కతో కాదు, కాగితం మీద రాసి ఉన్న ప్రమాణంతో. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన కుక్కల్ని చాలా చోట్ల ఈ పోటీలకు తీసుకోరు. రేపటి తరానికి తల్లిదండ్రులు కాదగ్గవి ఏవో ఎంచడం కోసమే షోలు పుట్టాయి మరి.

అంత శ్రద్ధగా తడిమే చేతులకు కూడా అందనివి ఉంటాయి. తుంటి గిన్నె లోతు ఎంతుందో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. ఏడాది నిండాక మత్తిచ్చి తీసిన ఎక్స్‌రేకి ఎఫ్‌సీఐ పద్ధతిలో ‘ఏ’ నుంచి ‘ఈ’ దాకా గ్రేడు ఇస్తారు. ‘ఏ’ మేలైనది, ‘ఈ’ బాగా చెడినది. ఆ లోపం ఒక్క జన్యువుతో వచ్చేది కాదు కాబట్టి మంచి కీళ్ళున్న జంటకీ లోపమున్న పిల్ల పుట్టొచ్చు. అయినా రెండువైపులా మంచి గ్రేడు ఉన్న జంటకు ఆ ప్రమాదం బాగా తక్కువ. కాబట్టి ట్రోఫీల ఫొటోలు చూపించేవాళ్ళను తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు అడగండి. ల్యాబ్, షెపర్డ్, రాట్‌వీలర్ కొనేవాళ్ళకు ఈ ఒక్క ప్రశ్న తప్పనిసరి.

“ఒకసారి వీధికుక్కతో కలిస్తే ఇక ఆ ఆడకుక్క చెడినట్టే”

పల్లెల్లోనే కాదు, నగరాల్లో పెద్ద పెద్ద ఇళ్ళలోనూ ఈ మాట వింటాం. దీన్ని నమ్మి లక్షణమైన కుక్కల్ని ఊరి చివర వదిలేసినవాళ్ళున్నారు.

ఈ నమ్మకం మనదొక్కటే కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో మోర్టన్ ప్రభువు తన ఆడ అరబ్బీ గుర్రాన్ని క్వాగా అనే చారల జంతువుతో కలిపాడు. క్వాగా ఇప్పుడు అంతరించిపోయింది. తర్వాత అదే గుర్రానికి మగ అరబ్బీ గుర్రం వల్ల పుట్టిన పిల్లల కాళ్ళ మీద చారలు కనిపించేసరికి, మొదటి మగదాని ముద్ర తల్లి కడుపులో ఉండిపోతుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మారు. డార్విన్ సైతం దాన్ని కొట్టిపారేయలేదు. ఆ శతాబ్దం చివర్లో కోసర్ ఎవార్ట్ అనే శాస్త్రవేత్త ఎడిన్‌బరో దగ్గర పెనికుక్‌లో గుర్రాల్నీ జీబ్రాల్నీ పెట్టి అదే పని మళ్ళీ మళ్ళీ చేసి చూశాడు. 1899లో ఫలితాలు అచ్చువేశాడు. తర్వాతి సంతానం మీద మొదటి మగదాని ముద్ర ఏమీ లేదు. మామూలు గుర్రపు పిల్లల్లో కూడా అప్పుడప్పుడూ అలాంటి చారలు వస్తాయి, అంతే.

మరి జనం కళ్ళారా చూశామనేదేమిటి? దానికీ కారణముంది. ఆడకుక్క ఎదకొచ్చాక దాదాపు మూడు వారాలు ఆ దశలో ఉంటుంది, అందులో మగకుక్కను రానిచ్చే రోజులు ఒకటీ రెండూ కావు. క్రాసింగ్ చేయించి ఇంటికి తెచ్చి, పనైపోయిందనుకుని గేటు తీసి వదిలేస్తారు. ఆ రోజుల్లోనే ఇంకో కుక్కతో కలిస్తే ఒకే కాన్పులో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టొచ్చు. అది ఆ ఒక్క కాన్పు సంగతి. తర్వాతి కాన్పుకి దానితో ఏ సంబంధమూ లేదు.

దీని పక్కనే ఉండే ఇంకో నమ్మకం, ‘ఒక్కసారైనా పిల్లల్ని పెట్టకపోతే కుక్క ఆరోగ్యం పాడవుతుంది’ అన్నది. ఇది నిజానికి పూర్తిగా విరుద్ధం. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు వయసు మళ్ళాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదముంది. పొద్దున బాగానే ఉన్నట్టుండి సాయంత్రానికి ప్రాణం మీదికి తెస్తుంది. రొమ్ము గడ్డల ముప్పు కూడా వీటికే ఎక్కువ. ఆపరేషన్ ఏ వయసులో అన్నది జాతినీ సైజునీ బట్టి డాక్టరు చెప్పాలి. పెద్ద జాతులకు కీళ్ళు ఎదిగేదాకా ఆగమంటారు. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటివాటితో ‘ఒక్క కాన్పు చూద్దాం’ అని సరదా పడేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 2010లో అచ్చయిన బ్రిటన్ అధ్యయనంలో ఈ జాతుల కాన్పుల్లో 80 శాతానికి పైగా సిజేరియన్లే. పిల్ల తల అంత పెద్దది, తల్లి కటి అంత ఇరుకు. అందం పేరుతో మనుషులు తెచ్చిపెట్టిన బాధ అది.

“చిన్నప్పుడే తెస్తే బాగా మాలిమి అవుతుంది”

ప్రకటనలోని ‘35 రోజులు’ ఈ నమ్మకం మీదే నడుస్తోంది. 8 వారాలు నిండని పిల్లను అమ్మడం 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం నేరం. అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఆడకుక్కకు ఏడాదిన్నర నిండాలి, 8 ఏళ్ళు దాటకూడదు, జీవితంలో 5 కాన్పులకు మించకూడదు. ఈ నిబంధనలు ఉన్నాయని తెలిసినవాళ్ళే తక్కువ.

చట్టం సంగతి అటుంచినా, తల్లి దగ్గర గడిపే ఆ మూడు వారాల్లో పిల్ల నేర్చుకునేది మనం నేర్పలేం. తోబుట్టువు చెవి గట్టిగా కొరికితే అది కీచుమని ఆట ఆపేస్తుంది. మళ్ళీ కొరికితే తల్లి మూతితో నేలకదిమి గుర్రుమంటుంది. పంటి బలం ఎంత వాడాలో పిల్లకు అలా తెలుస్తుంది. ఇంట్లో చిన్నపిల్లల చేతులు కొరికే కుక్కల్లో చాలావాటికి ఈ చదువు సగంలోనే ఆగిపోయి ఉంటుంది. ఇంటికి తెచ్చిచ్చే పద్ధతిలో మనకు కనబడకుండా పోయేదీ ఆ తల్లే. అది ఇనుప బోనులో ఉందా, పక్కటెముకలు తేలి ఉందా, మనిషిని చూసి తోకాడిస్తుందా మూలకు నక్కుతుందా అన్నది పిల్ల భవిష్యత్తు గురించి ఏ పత్రమూ చెప్పనంత చెబుతుంది.

రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటివి పుట్టుకతోనే క్రూరమైనవన్న మాట కూడా ఇక్కడే చూడాలి. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల మీద నిషేధం విధిస్తూ రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 18 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతితో వివరించగలిగేది సుమారు 9 శాతమే. అయితే 50 కిలోల కుక్క కరిస్తే గాయం వేరుగా ఉంటుంది. గొలుసుకు కట్టేసి, మనుషుల్ని అలవాటు చేయకుండా అంత పెద్ద కుక్కని పెంచడం పొరుగువాళ్ళ ప్రాణాలతో ఆడుకోవడమే.

“ఏసీ ఉంటే హస్కీనీ పెంచొచ్చు”

మే నెలలో తెలంగాణ ఎండకి హస్కీని పెట్టుకుని రోజంతా ఏసీ గదిలో బంధిస్తే, మైళ్ళ కొద్దీ బండి లాగడానికి పుట్టిన జంతువు గోడలు గీకడం మొదలుపెడుతుంది. బొచ్చు గొరిగించేయడమూ పరిష్కారం కాదు, ఆ బొచ్చే ఎండ నుంచి కొంత కాపాడేది. పగ్‌ది ఇంకో బాధ. 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన వచ్చాక ఇంటింటికీ చేరిన ఆ చదును ముక్కు కుక్క నిద్రలో గురకపెడితే ముద్దుగా ఉందంటారు. అది ఊపిరాడని చప్పుడు. కుక్క ఒళ్ళు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. ముక్కే మూసుకుపోయినదానికి మన వేసవి ప్రాణాంతకం.

ఏసీ గదిలో ఉన్న కుక్కకి పిడుదులు పట్టవన్నదీ ఉత్తమాట. ఆడ పిడుదు రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బి, కుక్క మీంచి దిగి గోడ పగుళ్ళలోకి పాకి వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్ళీ మొదలు. కుక్క నీరసపడి, చిగుళ్ళు పాలిపోయి, ముక్కులోంచి రక్తం కారితే పిడుదు జ్వరమేమో అని అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ మాత్రం ఎప్పుడూ వేయకూడదు, కాలేయం దెబ్బతింటుంది.

“మన దగ్గర జాతి కుక్కలెక్కడివి?”

రాజపాళయం, చిప్పిపారై తమిళనాడువి. ముధోల్ హౌండ్ కర్ణాటకది. 2005లో తపాలా శాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్‌లకు స్టాంపులు వేసింది. ముధోల్ కోసం బాగల్‌కోట్ జిల్లాలో పరిశోధన కేంద్రమే ఉంది. తెలుగువాళ్ళకు ఏముందని అడిగేవాళ్ళకు జోనంగి జాగిలం సంగతి తెలియదు. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి మధ్య పల్లెల్లో బాతుల మందల్ని తోలిన కుక్క అది. పొట్టి నున్నటి బొచ్చు, నుదుట ముడతలు. మొరగడం చాలా తక్కువ, గొంతు సాగదీసి కూతలాంటి శబ్దం చేస్తుంది. ఎండకు నేల తవ్వి గుంటలో పడుకుంటుంది. మన వాతావరణానికి దానంతటదే సరిపోయిన ఒళ్ళు.

చేపల చెరువులొచ్చి బాతుల మందలు తగ్గాక దానికి పని పోయింది, పోషించేవాళ్ళు పోయారు, వీధికుక్కల్లో కలిసిపోతోంది. పేపర్ల అసలు విలువ ఇలాంటి చోటే. ఏ ఊళ్ళో ఏ ఇంట్లో మిగిలిన జంటలున్నాయో వెతికి, ఫొటోలు తీసి, చిప్ వేసి, ఎవరి పిల్ల ఎవరో రాసిపెట్టడం ఇప్పుడు మొదలుపెడితేనే దగ్గరి చుట్టాల్ని కలపకుండా ఈ జాతిని నిలబెట్టగలం. మన పశువైద్య కళాశాలల విద్యార్థులు, కొల్లేరు పల్లెల్లో ఇంకా జోనంగిని సాకుతున్న రైతులు కలిస్తే ఆ పుస్తకం మొదటి పేజీ ఈ ఏడాదే రాయొచ్చు.