ఎర్రక్షరాలు పడితే తప్పు నీదేనా?

పట్టిసీమ అనగానే బయటోళ్ళకి రెండు గుర్తొస్తాయి. గోదారి మధ్యలో వీరభద్రుడి గుడి ఒకటి, ఒడ్డున 24 పంపులున్న ఎత్తిపోతల ఇంకోటి. 2015లో మొదలైన ఆ ఎత్తిపోతల గోదారి నీళ్ళని తోడి పోలవరం కుడికాలవలో పోస్తే, అవి కృష్ణ దాకా పోతన్నాయి. ఆ పంపులకి ఇంజినీర్లున్నారు, కంట్రోల్ రూములున్నాయి. మరి మెట్ట మీద బోరుకి బిగించిన అయిదు హార్స్‌పవర్ మోటారుకి ఎవరున్నారు? రైతే ఉన్నాడు. కరెంటు ఏ రాత్రేళ ఇస్తే ఆ రాత్రేళ, టార్చిలైటు పట్టుకుని, పాముల్ని తప్పించుకుంటా చేలోకి నడవాలి.

అందుకే మన కుర్రోళ్ళు కొందరు ఫోనుతో ఆడే స్టార్టర్లు సొంతంగా చెయ్యాలని చూస్తన్నారు. ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక సిమ్ము మాడ్యూలు, రెండు రిలేలు. మైక్రోకంట్రోలర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, ఒక్క పని కోసం పెట్టుకునే బుల్లి కంప్యూటరు. నాకూ ఇంజినీరింగు డిగ్రీ లేదు, పాత బోర్డులు విప్పి నేర్చుకున్నోణ్ణే. ఈ కుర్రోళ్ళతో కూర్చున్నాక నాకు అర్థమైంది ఏంటంటే, వీళ్ళు ఓడిపోయేది తెలివితేటల దగ్గర కాదు, పనిముట్ల దగ్గర. తెర మీద ఎర్రక్షరాలు పడగానే "నాకు రాదులే అన్నా" అని బోర్డు అటక మీద పడేస్తన్నారు.

తమ్ముడూ, చెల్లీ, ఒక్క మాట వినండి. మీరు రాసిన ప్రోగ్రాము లాప్‌టాప్ నుంచి చిప్పులోకి దిగాలంటే అయిదు చేతులు మారాలి. కంపైలరు, డ్రైవరు, యూఎస్‌బీ తీగ, బోర్డు మీదుండే యూఎస్‌బీ చిప్పు, అసలు చిప్పులో ముందే ఉండే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము. కాలవ చివర చేనుకి నీళ్ళు రాకపోతే చేనుని తిడతామా? తూము మూసుందా, గట్టు తెగిందా, పైనోడు మళ్ళించుకున్నాడా అని చూసుకుంటా పోతాం. ఇదీ అంతే.

ముందు తీగ. ఫోను చార్జింగుకిచ్చే తీగలు కొన్నిట్లో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. బోర్డు మీద లైటు వెలుగుతాది, లాప్‌టాప్‌కి మాత్రం బోర్డు కనపడదు.

తర్వాత బూట్‌లోడర్. ఆర్డుయినో నానో బోర్డులకి 2018లో బూట్‌లోడర్ మార్చారు. పాతది 57600 వేగంతో మాట్లాడతాది, కొత్తది 115200తో. చవగ్గా దొరికే నకలు నానోల్లో పాతదే ఎక్కువ కనపడతాది. సాఫ్ట్‌వేరు ఒక వేగంతో పిలిస్తే, చిప్పు ఇంకో వేగంతో వింటాది. అప్పుడే "సింక్ కుదరలేదు" అని ఎర్రగా తిడతాది. ప్రాసెసర్ మెనూలో "ఓల్డ్ బూట్‌లోడర్" ఎంచుకుంటే దిగిపోతాది. ఈఎస్‌పీ32 అయితే "కనెక్టింగ్" అని చుక్కలు పెట్టుకుంటా ఆగిపోయినప్పుడు, బోర్డు మీద బూట్ బటన్ నొక్కి పట్టుకుని చూడండి.

డ్రైవరు సంగతి ఇంకా ఘోరం. 2014లో ఎఫ్‌టీడీఐ అనే స్కాట్లాండు కంపెనీ తన యూఎస్‌బీ చిప్పులకి కొత్త డ్రైవరు వదిలింది. విండోస్ అప్‌డేట్‌తో పాటు అది ఇళ్ళల్లోకి దిగి, నకలు చిప్పు కనపడితే దాని గుర్తింపు నంబరుని సున్నా చేసేసింది. రాత్రి పనిచేసిన బోర్డు పొద్దున్నకి కంప్యూటరుకి తెలీకుండా పోయింది. ప్రపంచమంతా గొడవ చేస్తే ఆ డ్రైవరుని వెనక్కి తీసుకున్నారు. నకలు తయారుచేసినోడికి ఏమీ కాలేదు, తెలీక కొనుక్కున్నోడికి దెబ్బ తగిలింది.

అప్‌డేట్లతో ఇంకో తంటా. 2024లో ఈఎస్‌పీ32కి ఆర్డుయినో కోర్ 3.0 వచ్చింది. అందులో టైమర్ల పిలుపులు మార్చేశారు, పీడబ్ల్యూఎంకి వాడే పాత పిలుపులు కొన్ని తీసేశారు. అంతకుముందు చేసిన వీడియో చూసి రాస్తే ఇప్పుడు కంపైలే అవ్వదు. వీడియో అబద్ధం కాదు, మీరు తెలివితక్కువోళ్ళూ కాదు. మధ్యలో నేల కదిలిపోయింది.

మరేం చెయ్యాలి? అన్నిటికంటే ముందు లైటు మినుకుమనే "బ్లింక్" ప్రోగ్రాము ఎక్కించండి. అది ఎక్కకపోతే మీ ప్రోగ్రాముని ముట్టుకోవద్దు, తప్పు దారిలోనే ఉంది. నానోలో రీసెట్ పిన్నుని గ్రౌండుకి కలిపి, టీఎక్స్, ఆర్ఎక్స్ పిన్నుల్ని చిన్న తీగతో కలపండి. సీరియల్ మానిటర్‌లో ఏదన్నా కొట్టి పంపితే అదే తిరిగొచ్చిందా? అయితే తీగ, డ్రైవరు, యూఎస్‌బీ చిప్పు మూడూ బాగున్నట్టే. ఒకసారికి ఒక్కటే మార్చండి. తీగా, బోర్డూ, డ్రైవరూ కలిపి మార్చేస్తే ఏది దొంగో ఎప్పటికీ తేలదు.

పనిచేసిన రోజున విత్తనం దాచినట్టు దాచుకోండి. సాఫ్ట్‌వేరు, బోర్డు ప్యాకేజీ, లైబ్రరీలు, వీటి వెర్షన్ నంబర్లు నోటుబుక్కులో రాయండి. ఇన్‌స్టాలరూ, ప్రోగ్రామూ, తయారైన హెక్స్ ఫైలో బిన్ ఫైలో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పని మధ్యలో అప్‌డేట్ అడిగితే వద్దనండి. నమ్మకమైన తీగ ఒకటి, బోర్డు ఒకటి ఎర్రదారం కట్టి పక్కన పెట్టుకోండి. అనుమానమొచ్చిన ప్రతిదాన్నీ వాటితో పోల్చి చూడండి.

చేలో పెట్టేదానికి ఇంకా జాగ్రత్త కావాలి. ప్రోగ్రాము బిగుసుకుపోతే చిప్పుని మళ్ళీ లేపే వాచ్‌డాగ్ పెట్టండి. చిప్పు మళ్ళీ లేచినప్పుడు మోటారు దానంతటది తిరక్కూడదు. ఎలక్ట్రానిక్స్ అంతా చచ్చినా చేత్తో నొక్కే స్టార్టరు బతికే ఉండాలి. త్రీఫేజు కరెంటున్న డబ్బాలో బోర్డు ఉండగా లాప్‌టాప్ తగిలించొద్దు. మెయిను తీసి, బోర్డు బయటికి తెచ్చి, అప్పుడు ప్రోగ్రాము ఎక్కించండి. ఫ్యాను కింద టేబుల్ మీద తప్పయితే ఎర్రక్షరాలు పడతాయి. చేలో తప్పయితే బోరెండిపోయాక కూడా మోటారు తిరిగి కాలిపోతాది, రీవైండింగు ఖర్చు రైతు నెత్తినే పడతాది.

ఇప్పుడు అసలు మాట. పనిముట్టు ఎక్కడో తయారవుతాది, దాని పుస్తకం ఇంగ్లీషులో ఉంటాది, తప్పు పట్టినప్పుడు మాత్రం మన ముఖం మీదే చూపిస్తాది. పట్నంలో కుర్రోడికి పక్కన సీనియర్ ఉంటాడు, మార్చి చూడ్డానికి నాలుగు బోర్డులుంటాయి. మన పిల్లకి ఉండేది కూలి డబ్బుల్తో కొన్న ఒక్క బోర్డు. ఆ తేడాని "తెలివి"లో తేడా అనుకోవడమే పెద్ద మోసం. ప్రతి పాలిటెక్నిక్‌లోనూ పరీక్షించిన బోర్డులు అరువిచ్చే బీరువా ఒకటి ఉండాలని అడగాలి, గట్టిగానే అడగాలి. ఆ లోపు ఊరికి నలుగురు కలిసి ఒక మంచి తీగ, ఒక మంచి బోర్డు, ఒక పెన్‌డ్రైవ్, ఒక నోటుబుక్కు ఉమ్మడిగా పెట్టుకోండి. ఏ ఎర్రక్షరానికి ఏ మందు పనిచేసిందో ఆ నోటుబుక్కులో తెలుగులో రాయండి. రేపు మీ వెనక వచ్చే పిల్ల ఆ పేజీ తిప్పి చూసుకుంటాది. బోర్డు అటకెక్కదు.