జపాను నేర్చిన జలశౌచము

మనుష్యుడు ప్రతిదినము చేయు పనులలో దేనిని గూర్చి మాటలాడుటకు మిక్కిలి సిగ్గుపడునో, ఆ పని చేయు పద్ధతియే మార్పునకు అన్నిటికంటె లొంగనిదని లోకులు తలంతురు. నీళ్లచెంబు లేనిదే దొడ్డికి పోవుట యెరుగని మనకు కాగితముతో తుడుచుకొని లేచు పాశ్చాత్యుల యాచార మెంత వింతయో, వారికి మన చెంబును అంతే వింత. అయినను వారి యాచారము సైతము అనాదిసిద్ధమైనది కాదు. న్యూయార్కులో జోసెఫ్ గాయెట్టీ అను వర్తకుడు కలబందరసము పట్టించిన కాగితములను ఈ పనికై అమ్మజూపినది 1857లో. స్కాట్ కంపెనీవారు వానిని చుట్టలుగా అమ్మనారంభించినది 1890లో. అంతకు శతాబ్దమునకు పూర్వమే ఫ్రాన్సుదేశపు సంపన్నుల యిండ్లలో బిడే అను కడుగుతొట్టి యుండెను. ఇటలీ ప్రభుత్వము 1975లో ప్రతి నివాసగృహమునందును అది యుండితీరవలెనని శాసించినది.

కాగితమునకు అలవాటుపడిన జనసమూహము నీటివైపు ఎట్లు మరలునో తెలియగోరువారు జపాను కథ వినవలెను. కితక్యూషూ నగరము కేంద్రముగా కమోడులు చేయు టోటో సంస్థ, 1960 దశకమున అమెరికానుండి నీరు చిమ్ము పీట నొకదానిని దిగుమతి చేసికొని, ముఖ్యముగా రోగుల నిమిత్తము అమ్మజొచ్చెను. నీటివేడి నిలుకడగా నుండక, ధార పడవలసినచోట పడక, దానికి ఆదరణ అంతగా లభింపలేదు. అంతట ఆ సంస్థ యింజనీర్లు తామే క్రొత్తది నిర్మింపబూనిరి. ధార ఎచ్చట తగులవలెనో చెప్పు గ్రంథమేదియు లేదు గనుక, కమోడుపై తీగ కట్టి, దానిపై కూర్చుండి తమ స్థానమును గుర్తింపుడని తోటి యుద్యోగులనే బతిమాలిరి. మొదట సిగ్గుచే నిరాకరించినవారును కడకు సమ్మతింపగా మూడువందల మందికి పైగా కొలతలు సమకూడినవి. నీరు 38 డిగ్రీల వెచ్చదనమున నుండవలెననియు, ఒంటికి తగిలి మరలిన నీరు చిమ్ముగొట్టముపై పడకుండుటకై ధార 43 డిగ్రీల వాలున రావలెననియు నిర్ణయించిరి. నీటిని విద్యుత్తును ఒకచోట చేర్చుట యెట్లను చిక్కు, జడివానలో సైతము చెడక వెలుగు సిగ్నలుదీపమును చూచిన యొకనికి తట్టిన యుపాయముతో విడిపోయినది. ఇట్లు 1980లో 'వాష్‌లెట్' వెలువడెను.

వస్తువు సిద్ధమైనను, దానిని గూర్చి నలుగురిలో నోరు విప్పు టెట్లు? ప్రకటన వ్రాయుటకు పిలువబడిన నకహతా తకాషికి మొదట ఉత్సాహము కలుగలేదు. అంతట ఇంజనీరొకడు ఆయన యరచేతికి రంగు పులిమి, కాగితముతో తుడువుమనెను. ఎంత తుడిచినను రంగు గీతలలో నిలిచియే యున్నది. చేతికి మురికి యంటిన కడుగుకొనువారము, ఇచ్చట మాత్రము తుడిచి ఊరకుందుమేల యను ప్రశ్న ఆయనకు అప్పుడు పట్టుబడినది. తొగావా జున్ అను నటీమణి నటించిన ఆ ప్రకటన 1982లో సాయంకాలము టెలివిజనులో వచ్చినప్పుడు, అన్నము తినువేళ ఇదేమి మాటయని కొందరు మండిపడిరి. అయినను సిగ్గు వదలినది. నేడు జపానులో ప్రతి పదిండ్లలో సుమారు ఎనిమిదింట ఇట్టి పీటయే కలదు.

అట్లని అచ్చట కాగితము మాయమైనదని తలపరాదు. నీరు కడుగును గాని తడి నార్పదు. తడి యొత్తుకొనుటకు జపానువారు నేటికిని కాగితమునే వాడుచున్నారు. ఆ మిగిలిన పనికి గుడ్డముక్క చాలును. మెత్తబడిన పాత నూలుపంచెను జానెడుముక్కలుగా కత్తిరించి, అంచులు కుట్టి, ఇంటిలో ఒక్కొక్కరికి వేర్వేరుగా నుంచవలెను. వాడినవానిని మూతగల డబ్బాలో వేసి, తక్కిన బట్టలతో కలుపక, వేడినీట సబ్బుతో ఉదికి ఎండలో ఆరవేయవలెను. ఇంటిలో ఎవరికైనను విరేచనములు పట్టుకొన్నప్పుడు మాత్రము, ఆ నాలుగుదినములు కాగితమే మేలు. నీరు లేకయే గుడ్డతో తుడుచుకొను కుటుంబములును పాశ్చాత్యదేశములలో కొన్ని కలవు. కాని వారికి ఉదుకు చాకిరియు, రోగభయమును అధికము.

ప్రపంచజనాభాలో నాలుగు శాతమైన అమెరికనులు మెత్తని కాగితములలో ఐదవవంతును వినియోగించుచున్నారనియు, అందులకై కెనడాలోని ఉత్తరారణ్యములు నరకబడుచున్నవనియు పర్యావరణవాదులు చిరకాలముగా మొరపెట్టుచున్నారు. వారి మొరకంటె, 2020లో కరోనా భయమున అంగళ్లలో ఈ కాగితము నిండుకొన్నప్పుడు పుట్టిన గిరాకియే అచ్చట బిడే అమ్మకములను హెచ్చించినది. ఆ దేశమునందలి తెలుగువారి యిండ్లలో కమోడుప్రక్కన ప్లాస్టిక్ మగ్గుండుట ఎరిగినదే. దానికి మారుగా, గోడవద్ద వాల్వు కట్టివేసి, ఫ్లష్‌ట్యాంకులోనికి పోవు గొట్టమునకు టీ జాయింటు బిగించి చేతిజెట్టు తగిలించుకొనుట, పానా పట్టనేర్చినవానికి కష్టము కాదు. అయితే ప్రతిసారి వాడిన పిమ్మట జెట్టు వాల్వు కట్టుట మరువరాదు. నిరంతరపు టొత్తిడికి గొట్టము పగిలిన యెడల ఇల్లు చెరువగును.

జపానులో అరచేతి రంగు చేసిన పని అమెరికాలో అడవుల లెక్కలు చేయలేకపోయినవి. కావున కాగితము మాన్పింపగోరువారు ఉపన్యాసముల నటుంచి, ఇంటికి వచ్చిన చుట్టమునకు చక్కగా పనిచేయు జెట్టును, ఉతికి మడిచిన గుడ్డను అందుబాటున నుంచిన చాలును.