కంప్యూటర్ చీటీ నేర్పిన పాఠం



మన ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళే ప్రతి రోగి చేతికి ఒక డిశ్చార్జి చీటీ ఇస్తాము. ఏ మందు ఎప్పుడు వేసుకోవాలి, మళ్ళీ ఏ రోజు రావాలి అన్నవి అందులో ఉంటాయి. ఈ రోజు ఆ చీటీ పెద్ద అక్షరాలతో, తెలుగులో, వారం పేరుతో సహా వస్తున్నది. చూసినవారు బాగుందంటున్నారు. కానీ అది ఇలా మారడం వెనుక ఒక పెద్దాయన పోగొట్టుకున్న కాలివేలు ఉన్నది. ఆ సంగతి మీకు చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను. ఇప్పుడు మీ ఇళ్ళలోనూ, సంఘ ఆఫీసులలోనూ కంప్యూటర్లు, ఫోన్లు వాడుతున్నారు గనుక ఇది మీకూ పనికి వస్తుంది.

2009లో జరిగినది

అప్పట్లో నేను మగవారి సర్జికల్ వార్డులో ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. చీటీలు చేతితో రాసేవాళ్ళం. రాత ఒక్కొక్కరిది ఒక్కో విధం. రోగులు బస్టాండు దాకా వెళ్ళి, చదవలేక తిరిగి వచ్చి అడిగేవారు. ఈ బాధ తప్పించాలని, డ్యూటీ అయ్యాక రెండు వారాలు కంప్యూటర్ క్లాసుకు వెళ్ళి, లెక్కల షీటులో నేనే ఒక చీటీ నమూనా తయారు చేశాను. పేరు, మందులు, తిరిగి రావలసిన తేదీ టైపు చేస్తే చాలు, శుభ్రంగా అచ్చయి వచ్చేది. అందరూ మెచ్చుకున్నారు. నేను కూడా లోలోపల పొంగిపోయాను.

ముందుగా పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. ఫిబ్రవరి మధ్యలో నాలుగు చీటీలు తీసి చూశాను. 20-2, 23-2, 25-2 అని కొడితే అలాగే వచ్చాయి. అంతటితో తృప్తిపడ్డాను.

ఫిబ్రవరి 25, బుధవారం. శ్రమల దినాలు మొదలైన రోజు. షుగరు వ్యాధి ఉన్న ఒక పెద్దాయనను ఆ రోజు ఇంటికి పంపించాము. పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. కాలి చిటికెన వేలి దగ్గర పుండు, మానుముఖం పట్టింది. వారం తరువాత, మార్చి 4న వచ్చి చూపించుకోవాలి. సిస్టర్ 4-3 అని టైపు చేసింది. కంప్యూటర్ దానిని ఇంగ్లీషులో ‘ఏప్రిల్ 3’ అని అచ్చు వేసింది. వరుసగా చీటీలు తీస్తున్న తొందరలో ఎవరూ గమనించలేదు.

“వచ్చే బుధవారం రండి” అని నోటితో చెప్పాము. కానీ ఇంటికి వెళ్ళాక, ఇంగ్లీషు చదవడం వచ్చిన కొడుకు చీటీ చూసి, “నువ్వు సరిగ్గా వినలేదు నాన్నా, ఏప్రిల్ మూడునే రమ్మన్నారు” అన్నాడట. నోటిమాటకూ అచ్చుకాగితానికీ తేడా వస్తే మనం కాగితాన్నే కదా నమ్ముతాము! పైగా షుగరు వల్ల పాదంలో స్పర్శ తగ్గినవారికి పుండు ముదిరినా నొప్పి తెలియదు. నొప్పి లేదు గనుక బాగానే ఉందనుకున్నారు.

ఏప్రిల్ 3 శుక్రవారం, మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు, ఆయన వచ్చారు. అప్పటికి చీము ఎముక దాకా పోయింది. వేలు తీసివేయవలసి వచ్చింది. “ఇంత ఆలస్యం చేశారేమిటయ్యా?” అని నేను కాస్త గట్టిగానే అడిగాను. ఆయన జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి, “కాగితంలో ఉన్న రోజుకే వచ్చాం కదా సిస్టరమ్మా” అన్నారు. ఆ చీటీ చూశాక నాకు నోట మాట రాలేదు.

తప్పు ఎక్కడ ఉన్నది?

కంప్యూటర్ చెడిపోలేదు. అందులో దేశం ‘అమెరికా’ అని పెట్టి ఉన్నది. అమెరికా వారు తేదీలో నెలను ముందు రాస్తారు, రోజును తరువాత రాస్తారు. అందువల్ల 4-3 అంటే మనకు మార్చి 4, దానికి ఏప్రిల్ 3. మరి నేను పరీక్షించినప్పుడు ఎందుకు బయటపడలేదు? ఏడాదికి పన్నెండు నెలలే గనుక 20-2, 23-2 వంటి వాటిని అది నెలగా తీసుకోలేకపోయింది. కొట్టినది కొట్టినట్లే ఉండిపోయింది. అంటే 12 దాటిన తేదీలలో తప్పు దాక్కుని ఉన్నది. నెలలో మొదటి పన్నెండు రోజులలోనే బయటపడుతుంది.

ఇంకొక సంగతి దాచకూడదు. అదే వారంలో ఒక కుటుంబానికి మార్చి 2కు బదులు ‘ఫిబ్రవరి 3’ అని వచ్చింది. గడిచిపోయిన తేదీ గనుక వాళ్ళే తిరిగి వచ్చి అడిగారు. టైపు చేయడంలో పొరపాటు జరిగిందనుకుని పెన్నుతో దిద్ది ఇచ్చి పంపేశాము. అది మాకు అందిన హెచ్చరిక. ‘ఇలా ఎందుకు వచ్చింది?’ అని ఆ రోజు ఐదు నిమిషాలు ఆలోచించి ఉంటే ఆ పెద్దాయన వేలు దక్కేదేమో. తన నెల తాను మార్చుకోవడం కంప్యూటర్‌కు తెలియదు. మార్చవలసినది నేను.

పెద్దవారికీ తప్పలేదు

ఇటువంటివి చిన్న ఆసుపత్రులలోనే జరుగుతాయని అనుకోకండి. 2020 అక్టోబరులో ఇంగ్లండులో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలో చేరకుండా ఆగిపోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలే పడతాయి. అక్కడి ప్రజారోగ్య సంస్థ దానిని వాడడంతో మిగిలినవి లోపలికి రాలేదు. ఆ రోగులతో కలిసి తిరిగినవారికి కబురు చేయడం ఆలస్యమైంది.

శాస్త్రవేత్తలకు మరొక చిక్కు వచ్చింది. ‘సెప్ట్2’, ‘మార్చ్1’ అనే పేర్లు గల జన్యువులను ఎక్సెల్ సెప్టెంబరు, మార్చి తేదీలుగా మార్చివేసేది. ఈ సంగతి 2004లోనే ఒక పరిశోధన పత్రికలో వచ్చింది. చివరికి 2020లో జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. అలా మార్చవద్దని చెప్పే వీలు ఎక్సెల్‌లోకి 2023లో వచ్చింది.

మన మందుల చీటీకి కూడా ఇదే ప్రమాదం ఉన్నది. డాక్టర్లు ‘1-1-1’ అని రాస్తే ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి అని మనకు తెలుసు. ఎక్సెల్‌లో మామూలు గడిలో అదే కొడితే 2001 జనవరి 1 అవుతుంది. సగం మాత్రకు ‘1/2’ అని కొడితే ఫిబ్రవరి 1 అవుతుంది, అమెరికా పద్ధతిలో ఉంటే జనవరి 2 అవుతుంది. ఆసుపత్రి నంబరు 00457 అని కొడితే ముందున్న సున్నాలు పోయి 457 మిగులుతుంది.

దీనికి మందు సులభమే. టైపు చేయకముందే ఆ గడులను ‘టెక్స్ట్’ అని మార్చి పెట్టాలి. టైపు చేశాక మారిస్తే పోయినది తిరిగి రాదు. ఒక్క గడి కోసమైతే ముందు ఒక చిన్న కొటేషన్ గుర్తు పెట్టి టైపు చేసినా చాలు. దేశాన్ని కంట్రోల్ ప్యానెల్‌లో ‘రీజియన్’ అనే చోట ఇండియా అని పెట్టుకోవాలి.

మా బొమ్మ రోగి

ఆ వేసవిలో చీటీ నమూనాను మళ్ళీ మొదటి నుండి తయారు చేశాము. ఈసారి అసలు రోగుల కంటే ముందు ఒక బొమ్మ రోగిని కల్పించుకున్నాము. అతనికి కావాలనే చిక్కు వివరాలన్నీ ఇచ్చాము. రావలసిన తేదీ 4-3. మందు 1-1-1. ఇంకొక మందు సగం మాత్ర. నంబరు ముందు రెండు సున్నాలు. గడిలో పట్టనంత పొడవైన ఇంటిపేరు. అదే పేరుతో పక్క మంచంలో ఇంకొక బొమ్మ రోగి. తేలికగా సరిపోయే వివరాలతో చూస్తే అది పరీక్ష కాదని నాకు అప్పటికి తెలిసింది.

కంప్యూటర్ తెర మీద చూసి ఊరుకోలేదు. అచ్చు తీసి, వార్డు సంగతి తెలియని వారికి ఇచ్చి చదవమన్నాము. మా ఆయమ్మ ఒకరు చీటీ అటూ ఇటూ తిప్పి, “అక్షరాలు చీమల్లా ఉన్నాయి సిస్టరమ్మా, మా ఆయనకైతే కళ్ళజోడు పెట్టినా కనపడవు” అన్నది. ఆ మాట మీద అక్షరం సైజు 11 నుండి 16కు పెంచాము. వాచ్‌మన్ గారు చదివి, “బీఎఫ్, ఏఎఫ్ అంటే ఏమిటమ్మా?” అని అడిగారు. అప్పటి నుండి ‘అన్నానికి ముందు’, ‘అన్నం తిన్నాక’ అని తెలుగులో పెట్టాము.

మార్చుకున్నవి ఇవి:

1. తేదీలో నెలను అంకెతో కాక అక్షరాలతో, వారం పేరుతో అచ్చు వేయించాము: ‘4 మార్చి, బుధవారం’.

2. 1-1-1 తీసివేసి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గడులు పెట్టాము. సగం మాత్రకు ‘సగం’ అని మాటే రాస్తాము.

3. టైపు చేయవలసిన గడులు తప్ప మిగిలినవన్నీ తాళం వేశాము. ఎవరి చెయ్యి తగిలినా నమూనా చెడదు.

4. అక్షరాలు యూనికోడ్ ఫాంటులో పెట్టాము. పాత డీటీపీ ఫాంటులో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలుగా కనిపిస్తుంది. యూనికోడ్‌కు ఆ బాధ లేదు.

ఇందులో కూడా ఒకసారి కాలు జారాము. తిరిగి రావలసిన తేదీని కంప్యూటరే లెక్క కట్టాలని ‘టుడే’ అనే ఫార్ములాకు ఏడు కలిపి పెట్టాను. మొదటి రోజు బాగానే ఉన్నది. రెండు రోజుల తరువాత అదే చీటీ తెరిస్తే తేదీ కూడా రెండు రోజులు ముందుకు జరిగింది! ఆ ఫార్ములాకు ఎప్పుడు తెరిస్తే అదే ‘ఈ రోజు’. బొమ్మ రోగి చీటీలోనే బయటపడింది గనుక ఎవరికీ హాని జరగలేదు. ఇప్పుడు డిశ్చార్జి తేదీని సిస్టరే నింపుతుంది. కంట్రోల్ మీట పట్టుకుని సెమీకోలన్ నొక్కితే ఆ రోజు తేదీ పడి, ఇక మారకుండా ఉంటుంది.

ఎంతవరకు మార్చుకోవాలి?

మార్చుకునే వీలు ఉన్నదని ప్రతిదీ మార్చకూడదు. ఒక సిస్టర్ రెండు అక్షరాలు కొడితే మందు పేరు మొత్తం పడేటట్లు ఆటోకరెక్ట్‌లో పెట్టుకున్నది. తెలివైన పనే. కానీ ఆమె సెలవులో ఉండగా వేరొకరు ఆ రెండు అక్షరాలనే ఇంకొక మందు కోసం కొడితే ఏమి కావాలి? అందుకని మందుల పేర్లకు పొట్టి అక్షరాలు వద్దని తీసివేశాము. మూడు నియమాలు పెట్టుకున్నాము. మార్చేముందు పాత ఫైలు కాపీ దాచాలి. ఏమి మార్చామో, ఏ తేదీన మార్చామో వార్డు నోటుబుక్కులో రాయాలి. ఒకేసారి ఒక్క మార్పే చేయాలి. మూడు నాలుగు కలిపి చేస్తే చెడినప్పుడు దేనివల్ల చెడిందో తెలియదు.

ఇంటిలో, సంఘంలో

సంఘ సెక్రటరీలు చాలామంది సభ్యుల పట్టికలు, కానుక కవర్ల నంబర్లు కంప్యూటర్‌లో పెడుతున్నారు. 001, 002 అనే నంబర్లలో సున్నాలు పోకుండా, పుట్టినరోజులలో నెల తారుమారు కాకుండా చూసుకోండి. డబ్బు పెట్టి ప్రోగ్రాం కొనలేని సంఘాలు 2010లో మొదలైన లిబ్రాఆఫీస్ వాడుకోవచ్చు. అది ఉచితం. దానిని కూడా పరీక్షించాకే నమ్మండి.

ఇంటిలో పెద్దవారి ఫోనులో అక్షరం సైజు పెంచి ఇవ్వండి. మందుల వేళకు అలారం పెట్టి, దానికి ‘షుగరు మాత్ర, అన్నానికి ముందు’ అని పేరు కూడా పెట్టండి. ఉత్త మోత వింటే ఏ మాత్రో గుర్తుకు రాదు. పెట్టి వదిలేయకండి. ఒక రోజు పక్కనే ఉండి, అది మోగిందా, వారికి వినబడిందా, సరైన మాత్రే తీశారా అని చూడండి.

చివరిగా ఒక మనవి. ఏ ఆసుపత్రిలోనైనా చీటీ మీ చేతికి వచ్చాక, కదలకముందు సిస్టర్‌ను ఈ మూడూ అడగండి: “మళ్ళీ ఏ నెల, ఏ వారం రావాలి? ఏ మాత్ర ఎప్పుడు? ఈ కాగితంలోనూ అదే ఉందా?” నోటిమాటకూ కాగితానికీ తేడా ఉంటే ఇంటికి వెళ్ళి ఊహించుకోవద్దు, అక్కడే అడగండి. మొహమాటపడకండి. మీరు అడగడం మాకు విసుగు కాదు, సహాయం.

పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం 21వ వచనం మీలో చాలామందికి కంఠతా వచ్చు. ఆ మాట ఆత్మ సంబంధమైనది. అయినా కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతిసారీ నాకు అదే గుర్తుకు వస్తుంది.

ఆ పెద్దాయన తరువాత కూడా చాలా ఏళ్ళు మన దగ్గరికే వచ్చారు. జరిగినది వివరించి, తప్పు నాదేనని చెప్పినప్పుడు ఆయన కోపగించుకోలేదు. కొత్త చీటీ ఇచ్చిన రోజున కొడుకును పక్కన నిలబెట్టుకుని, నెలా వారమూ పైకి చదివించుకుని, నా వైపు చూసి “సరిపోయిందా సిస్టరమ్మా?” అని అడిగి మరీ వెళ్ళారు. ఆ రోజు నుండి మా వార్డులలో ప్రతి చీటీని రోగి ఎదుట పైకి చదివి ఇస్తున్నాము.

ప్రభువు మీ కుటుంబాలకు ఆరోగ్యము దయచేయును గాక.

మీ సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్